ఇంటి బాటకు కాపలా గంట: వైర్‌లెస్ డ్రైవ్‌వే అలారం బిగించి వాడిన అనుభవం

రోడ్డుకు దూరంగా, చెట్ల వెనక ఉన్న ఇంటికి గుమ్మం పక్కన బిగించే కాలింగ్ బెల్ వల్ల ఒరిగేది తక్కువ. ఎవరైనా దాన్ని నొక్కే సమయానికి వాళ్లు గుమ్మంలోకి వచ్చేసి ఉంటారు. నొక్కకుండా వెనుదిరిగిన వాళ్ల సంగతి, నేరుగా ఇంటి వెనక్కి నడిచి వెళ్లిన వాళ్ల సంగతి మనకు తెలియనే తెలియదు. మా ఇంటికీ రోడ్డుకూ మధ్య మట్టిబాట పొడవు 170 మీటర్లు. ఆ దారిలో ఒక మలుపు, రెండు పక్కలా గుబురుగా చెట్లు, ఇల్లు దగ్గరపడే చోట ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. బాటలోకి బండి గానీ మనిషి గానీ అడుగు పెట్టగానే ఇంట్లో గంట మోగాలన్నది మా అవసరం. అంత దూరం కాలువ తవ్వి వైరు వేయించే ఓపిక లేక వైర్‌లెస్ సెట్టు ఒకటి కొన్నాం. ఇంట్లో ఉండి గంట మోగించే రిసీవర్ ఒకటి, బాట పక్కన ఉండి వెచ్చటి వస్తువుల కదలికను పసిగట్టే పరారుణ సెన్సర్లు రెండు అందులో వచ్చాయి. నాలుగు నెలల తర్వాత అదే రిసీవర్‌కు జతపడే అయస్కాంత సెన్సర్‌ను కూడా చేర్చాం. మొత్తం 14 నెలల వాడకం మీద రాస్తున్న సమీక్ష ఇది.

చివరిదాకా చదివే తీరిక లేనివారి కోసం నా అభిప్రాయం ముందే చెబుతాను. సరైన చోట, సరైన ఎత్తులో, సరైన దిశలో బిగిస్తే ఈ అలారం చెప్పిన పని చేస్తుంది. గంట మోగిందంటే బాటలో నిజంగా ఏదో కదిలిందని ఇప్పుడు మేము నమ్ముతున్నాం. గంట మోగకపోతే బాటలో ఎవరూ లేరని మాత్రం నమ్మలేకపోతున్నాం. ఆ లోటుకు కారణం దీని నిర్మాణంలోనే ఉంది, దాని గురించి వివరంగా కింద రాశాను.

డబ్బా మీద పది నిమిషాల్లో బిగించుకోవచ్చని రాసి ఉంది. స్క్రూలు బిగించడానికి నిజంగానే పది నిమిషాలు పట్టింది, ఎక్కడ బిగించాలో తేల్చుకోవడానికి మూడు వారాంతాలు పట్టాయి. వస్తువు తయారీలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. సెన్సర్ డబ్బా గట్టి ప్లాస్టిక్‌తో చేసినది, మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉంది, రక్షణ స్థాయి ఐపీ65 అని ముద్రించారు. ఇందులో 6 అంటే దుమ్ము అసలు చొరబడదని, 5 అంటే పైపుతో చిమ్మిన నీటిని తట్టుకుంటుందని అర్థం. నీళ్లలో మునిగినా ఏమీ కాదని దీనికి అర్థం కాదు కాబట్టి, వరద నీరు నిలిచే పల్లంలో బిగించకూడదు. బ్యాటరీలు మార్చినప్పుడల్లా ఆ రబ్బరు పట్టీ తన గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. ఒకసారి నేను ఆ జాగ్రత్త మరచిపోతే రెండు వానలకే మూత లోపల ఆవిరి పట్టింది.

ఇలాంటి సెన్సర్లు పనిచేసే తీరు తెలియకుండా చోటు ఎంచుకోవడం కుదరదని నాకు మొదటి వారంలోనే అర్థమైంది. పరారుణ సెన్సర్ తనంతట తాను ఏ కిరణాన్నీ వదలదు. వస్తువులన్నీ తమ ఉష్ణోగ్రతను బట్టి వెలువరించే పరారుణ కిరణాలను అది అందుకుంటుంది. మనిషి శరీరం నుంచి వచ్చే కిరణాలు దాదాపు 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర బలంగా ఉంటాయి. సెన్సర్ ముందున్న తెల్లటి పలుచని పాలిథిలిన్ కటకం మీద సన్నని గాళ్లు ఉంటాయి. ఆ గాళ్లు సెన్సర్ ఎదుటి స్థలాన్ని విసనకర్ర రెక్కల్లా కొన్ని పట్టీలుగా విడదీస్తాయి. వెనకాల ఉన్న గ్రాహకంలో రెండు భాగాలు పక్కపక్కనే ఉంటాయి. ఎండ ఎక్కి పరిసరాలన్నీ నెమ్మదిగా వేడెక్కినప్పుడు రెండు భాగాల మీదా ఒకే ప్రభావం పడి, ఒకదాన్ని మరొకటి రద్దు చేస్తుంది. వెచ్చటి వస్తువు ఒక పట్టీ నుంచి మరో పట్టీలోకి దాటినప్పుడు ఒక భాగం ముందు, మరో భాగం తర్వాత స్పందిస్తాయి. ఆ తేడానే కదలికగా లెక్కిస్తుంది.

దీని నుంచి తేలేది ఏమిటంటే, సెన్సర్‌కు అడ్డంగా దాటేవాళ్లు దానికి సులువుగా చిక్కుతారు, నేరుగా ఎదురుగా నడిచి వచ్చేవాళ్లు ఒకే పట్టీలో ఉండిపోయి చాలా దగ్గరకు వచ్చేదాకా చిక్కరు. సూచనల పుస్తకంలో ఈ మాట ఒక్క ముక్కయినా లేదు. నేను అందరూ చేసే పొరపాటే చేశాను. వచ్చేవాళ్ల ముఖం కనిపించాలన్నట్టుగా గేటు స్తంభానికి సెన్సర్‌ను రోడ్డు వైపు తిప్పి బిగించాను. దాంతో రోడ్డు మీద అడ్డంగా పోయే ప్రతి లారీకీ ఇంట్లో గంట మోగింది. మా ఇంటికే వస్తూ సెన్సర్‌కు ఎదురుగా నడిచిన మనిషికి మాత్రం మూడు మీటర్ల దూరం వచ్చేదాకా మోగలేదు. ఒక రోజంతా లెక్క పెడితే 200 సార్లకు పైగా మోగింది, అందులో మా ఇంటికి వచ్చినవారు నలుగురు.

రెండో వారాంతంలో సెన్సర్‌ను గేటు నుంచి 25 మీటర్లు లోపలికి జరిపి, బాట పక్కన పాతిన కర్ర గుంజకు, బాటకు అడ్డంగా చూసేలా, రోడ్డు వైపు వీపు పెట్టి కాస్త ఇంటి వైపు ఒరిగేలా బిగించాను. ఎత్తు నేల నుంచి 1.1 మీటరు. అంతకన్నా కిందికి దిగితే పిల్లులు, కుక్కలు, గడ్డి కొసలు అన్నీ లెక్కలోకి వస్తాయి. మరీ పైకి ఎక్కించి కిందికి వంచితే పట్టీలు నేల మీద పడి, ఎండకు కాగిన మట్టి మీద కదిలే నీడలు ఇబ్బంది పెడతాయి. ఇక్కడి నుంచి ఇంటికి 145 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి ఆ దూరం దాటడానికి సుమారు 26 సెకన్లు పడుతుంది, మామూలుగా నడిచే మనిషికి నిమిషం 40 సెకన్లు పడుతుంది. గంట విని, చేతిలో పని పక్కన పెట్టి, కిటికీ దగ్గరకు వెళ్లి చూడడానికి ఆ సమయం చాలు. సెన్సర్‌ను ఇంటికి దగ్గరగా పెట్టుకుంటే రేడియో సంకేతం బాగా అందుతుంది గానీ ఈ వ్యవధి తగ్గిపోతుంది. కాబట్టి చోటు ఎంచుకునే ముందు మనకు ఎన్ని సెకన్ల ముందస్తు కబురు కావాలో లెక్క వేసుకుని, అక్కడి నుంచి వెనక్కి రావడం మేలు.

గుంజ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నన్ను ఎక్కువగా విసిగించింది అదే. మొదట గుంజ పాతే శ్రమ ఎందుకని ఒక లేత చెట్టు కాండానికి బిగించాను. గాలి వీచినప్పుడు చెట్టు ఊగింది, చెట్టుతో పాటు సెన్సర్ ఊగింది. సెన్సర్ కదిలితే దాని దృష్టిలో లోకమంతా కదిలినట్టే. ఎదుట ఉన్న ఎండలోని రాయి, నీడలోని పొద పట్టీలు మారుతూ గంట మోగించాయి. కర్ర గుంజను అర మీటరు లోతున పాతి, చుట్టూ రాళ్లు దట్టించాక ఆ బాధ తప్పింది. ఇనుప స్తంభం కూడా గట్టిగానే ఉంటుంది, కాకపోతే యాంటెన్నాను ఇనుముకు ఆనించి పెడితే సంకేతం దెబ్బతింటుంది. సెన్సర్‌కూ స్తంభానికీ మధ్య చెక్క ముక్క ఒకటి పెట్టి దూరం చేయాల్సి ఉంటుంది.

ఇక ఊరికే మోగే గంటల విషయం. రెండు నెలల పాటు ఒక నోటుపుస్తకంలో ప్రతి మోతకూ సమయం, కారణం రాసుకున్నాను. కారణం తెలియనివి సగానికి పైగా ఉండేవి. మెల్లగా వాటిలో ఒక క్రమం బయటపడింది. ఉదయం ఒక గంట సేపు, సాయంత్రం ఒక గంట సేపు అవి గుంపుగా వచ్చేవి. ఆ వేళల్లో వాలుగా పడే ఎండ బాట అవతలి పొదను వేడెక్కించేది. గాలికి ఊగే వెచ్చటి ఆకులు చల్లని నీడకు అడ్డంగా కదిలితే, సెన్సర్ దృష్టిలో వాటికీ నడిచే మనిషికీ పెద్ద తేడా లేదు. పొదను కొట్టేశాను. కొట్టలేని చెట్టు కొమ్మ వైపు ఉన్న కటకం భాగాన్ని నల్లటి ఇన్సులేషన్ టేపుతో మూశాను. కటకంలో ఏ భాగం ఏ వైపు చూస్తుందో టేపు ముక్కలు అంటిస్తూ, తీస్తూ, బాట మీద నడిచి చూసుకుంటూ కనిపెట్టాల్సి వచ్చింది. అరగంట పని అది. ఈ ఒక్క టేపు ముక్క వల్ల కలిగిన లాభం, సున్నితత్వాన్ని తగ్గించే మీట వల్ల కలగలేదు. ఆ మీట తిప్పితే ఆకులతో పాటు మనుషులూ తప్పిపోతున్నారు. టేపు అయితే ఆకుల దిక్కును మాత్రమే మూస్తుంది.

సాలీళ్లు మరో తలనొప్పి. కటకానికి పైన ఉన్న చూరు వాటికి గూడు కట్టుకోవడానికి అనువైన చోటు. కటకానికి రెండు వేళ్ల దూరంలో నడిచే సాలీడు, సెన్సర్ లెక్కలో పది మీటర్ల దూరంలోని మనిషి కంటే పెద్దది. వారానికి ఒకసారి పొడి గుడ్డతో తుడవడం తప్ప దీనికి నాకు మంచి ఉపాయం దొరకలేదు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. వాన నీరు, సాలెగూళ్లు రెండూ తప్పుతాయని, సెన్సర్ ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఒకటి అమర్చాను. కంటికి అద్దంలా స్వచ్ఛంగా ఉన్న ఆ పలక వెనక సెన్సర్ పూర్తిగా గుడ్డిదైపోయింది. కిటికీ అద్దం గానీ, అక్రిలిక్ పలక గానీ మన కంటికి కనిపించే వెలుగును పోనిస్తాయి, శరీరం నుంచి వచ్చే పరారుణ కిరణాలను మాత్రం ఆపేస్తాయి. కటకానికి పాలిథిలిన్ వాడడానికి కారణం కూడా అదే, అది ఆ కిరణాలను పోనిస్తుంది. ఇంటి లోపల కిటికీ వెనక సెన్సర్ పెట్టి బయటి బాటను కాపు కాయిద్దామనుకునే వారికి కూడా ఇదే అడ్డంకి ఎదురవుతుంది.

వేసవి మధ్యాహ్నాల గురించి ఒక మాట. పరిసరాల ఉష్ణోగ్రత మనిషి చర్మం, దుస్తుల ఉష్ణోగ్రతకు దగ్గరపడినప్పుడు సెన్సర్‌కు తేడా దొరకదు. బాగా వేడిగా ఉన్న మధ్యాహ్నం నేను ఎనిమిది మీటర్ల దూరంలో అడ్డంగా నడిస్తే మూడింట ఒకసారి మోగలేదు. అదే తెల్లవారుజామున పన్నెండు మీటర్ల దూరంలోనూ ఒక్కసారి కూడా తప్పలేదు. డబ్బా మీద రాసే దూరాలు చల్లటి వాతావరణానికి చెందినవనుకుని, బాట అవతలి అంచు ఆ దూరంలో సగానికి మించకుండా చూసుకోవడం నా సలహా. బండ్ల విషయంలో ఇంత ఇబ్బంది లేదు. ఇంజను, టైర్లు, పొగగొట్టం ఎలాగూ వేడిగా ఉంటాయి. బండి పైభాగం చుట్టుపక్కల కంటే చల్లగా ఉన్నా సెన్సర్‌కు అదీ తేడానే.

రేడియో విషయానికి వస్తే, సంకేతం 400 మీటర్లు వెళ్తుందని డబ్బా మీద రాశారు, పక్కనే చిన్న అక్షరాల్లో ఆరుబయట అని చేర్చారు. ఆ చిన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది. మా సెట్టు 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. కొన్ని దేశాల్లో 315, 868, 915 మెగాహెర్ట్జ్‌ల మీద పనిచేసే సెట్లు అమ్ముతారు. కొనేటప్పుడు తమ దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగిన పౌనఃపున్యమేదో చూసుకుని కొనాలి. 433 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 69 సెంటీమీటర్లు. ఇంత పొడవైన తరంగం ఇంట్లో వైఫై వాడే 12 సెంటీమీటర్ల తరంగం కంటే చెట్ల గుండా తేలికగా పోతుంది. అయినా తడిసిన ఆకులు, రేకుల గోడ, ఇనుప చువ్వలున్న కాంక్రీటు దాన్ని గట్టిగానే నీరసింపజేస్తాయి.

ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. సెన్సర్ కన్ను నేలకు మీటరు ఎత్తులో ఉంటే మంచిది, దాని యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది. రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. రేడియో తరంగానికి రెండు కొసల మధ్య సూటి గీత ఒక్కటే చాలదు, ఆ గీత చుట్టూ కొంత ఖాళీ కావాలి. 145 మీటర్ల దూరానికి, ఈ తరంగానికి, సరిగ్గా మధ్యలో ఆ ఖాళీ వ్యాసార్థం సుమారు 5 మీటర్లని లెక్క తేలుతుంది. ఒక కొస నేలకు మీటరు ఎత్తులో ఉన్నప్పుడు నేల ఆ ఖాళీలో సగానికి దగ్గరగా తినేస్తుంది. కాబట్టి రెండో కొసను, అంటే రిసీవర్‌ను, వీలైనంత పైకి ఎక్కించడం ఒక్కటే మార్గం. మేము మొదట వంటింటి అలమరలో, ఫ్రిజ్ పక్కన రిసీవర్ పెట్టుకున్నాం. అక్కడ పదిసార్లు బాట మీద నడిస్తే నాలుగు సార్లు మోగింది. మేడ మీది గదిలో బాట వైపు కిటికీ పక్కన, ఇనుప బీరువాకూ చౌక రకం ఎల్‌ఈడీ దీపానికీ దూరంగా పెట్టాక, ఇరవైసార్లు నడిస్తే ఇరవైసార్లూ మోగింది. ఆ దీపం వెలిగినప్పుడు దాని లోపలి సర్క్యూట్ నుంచి వచ్చే రేడియో రొద సంకేతాన్ని మింగేస్తోందని, దాన్ని ఆర్పినప్పుడే గంట మోగుతోందని గమనించడానికి నాకు మూడు రోజులు పట్టింది.

అందుకని గుంజ పాతకముందే పరీక్ష చేసుకోవాలి. ఇంట్లో ఒకరు రిసీవర్ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, మరొకరు సెన్సర్‌ను చేత్తో కాకుండా ఒక కర్రకు కట్టి, అనుకున్న చోట నిలబెట్టి, కనీసం ఇరవైసార్లు మోగించి లెక్క రాయాలి. సెన్సర్‌ను చేత్తో పట్టుకుంటే మన శరీరమే సంకేతాన్ని మార్చేసి ఫలితం తప్పుగా వస్తుంది. వాన కురిసి ఆకులు తడిగా ఉన్న రోజున అదే పరీక్ష మళ్లీ చేయాలి. పొడి రోజున ఇరవైకి ఇరవై వచ్చిన ఒక చోట, తడి రోజున పద్నాలుగే వచ్చాయి. పొడి రోజు లెక్కను నమ్మి అక్కడే బిగించి ఉంటే వానాకాలమంతా మేము సెన్సర్‌ను తిట్టుకుంటూ ఉండేవాళ్లం.

రెండో పరారుణ సెన్సర్‌ను షెడ్డు దగ్గర, ఇంటికి 30 మీటర్ల దూరంలో బిగించాం. రిసీవర్‌లో ఒక్కో సెన్సర్‌కు ఒక్కో స్వరం పెట్టుకోవచ్చు. ముందు మొదటి స్వరం, తర్వాత రెండోది వినిపిస్తే ఎవరో వస్తున్నారు. ముందు రెండోది, తర్వాత మొదటిది వినిపిస్తే వెళ్తున్నారు. మొదటిది మోగి రెండోది మోగకపోతే బండి మలుపు దగ్గర ఆగిందనో, దారి తప్పి వచ్చి వెనుదిరిగిందనో అర్థం. ఇంత తక్కువ శ్రమతో ఇంత సమాచారం వస్తుందని కొనేటప్పుడు నేను ఊహించలేదు. ఈ సెట్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం ఇదే. బడ్జెట్ అనుమతిస్తే ఒక సెన్సర్ ఉన్న సెట్టు కాకుండా రెండున్నది తీసుకోమని గట్టిగా చెబుతాను.

నాలుగో నెలలో చేర్చిన అయస్కాంత సెన్సర్ పద్ధతి పూర్తిగా వేరు. భూమికి ఉన్న అయస్కాంత క్షేత్రం చోటును బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. కారు వంటి పెద్ద ఇనుప వస్తువు కదిలి వచ్చినప్పుడు దాని చుట్టూ ఆ క్షేత్రం కొద్దిగా వంగుతుంది. బాట పక్కన నేలలో పాతిన గొట్టంలాంటి సెన్సర్ ఆ మార్పును పసిగడుతుంది. దీనికి ఎండతో, ఆకులతో, సాలీళ్లతో, పశువులతో పని లేదు. పది నెలల్లో ఇది ఊరికే మోగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అవి కూడా ఇనుప గేటును దానికి దగ్గరగా ఊపినప్పుడే. కాలినడకన వచ్చే మనిషి మాత్రం దీనికి కనిపించడు. సైకిలు తప్పించుకుంటుంది, మోటారు సైకిలు బాట అవతలి అంచున పోతే కొన్నిసార్లు తప్పించుకుంది. బాట వెడల్పు మూడు నాలుగు మీటర్లు దాటితే ఒక పక్క పాతిన సెన్సర్ సరిపోదు. నేలలో గొట్టం కదలకుండా మట్టిని గట్టిగా కూరాలి, ఎందుకంటే దాని కదలిక కూడా దానికి మార్పుగానే కనిపిస్తుంది. సెన్సర్ నుంచి రేడియో డబ్బా దాకా వెళ్లే కేబులును ఎలుకలు కొరకకుండా పీవీసీ గొట్టంలో వేయాలి. బండ్లు మాత్రమే తెలిస్తే చాలనుకునేవారు పరారుణ సెన్సర్ జోలికి పోకుండా నేరుగా ఇదే కొనుక్కోవడం సుఖం.

బ్యాటరీల గురించి డబ్బా మీద ఒక ఏడాది అని రాశారు. సూచనల పుస్తకం చివర ఇచ్చిన అంకెలతో నేను లెక్క కట్టి చూశాను. సెన్సర్ ఊరకే ఉన్నప్పుడు 60 మైక్రోఆంపియర్లు, అంటే రోజుకు 1.44 మిల్లీఆంపియర్ అవర్లు వాడుతుంది. సంకేతం పంపేటప్పుడు రెండు సెకన్ల పాటు 30 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. రోజుకు 20 సార్లు మోగితే అందుకయ్యే ఖర్చు 0.33 మాత్రమే, 200 సార్లు మోగితే 3.33 అవుతుంది. ఏఏ రకం ఆల్కలైన్ బ్యాటరీకి 2500 మిల్లీఆంపియర్ అవర్లు ఉంటాయనుకుంటే, లెక్క ప్రకారం మొదటి సందర్భంలో 1400 రోజులు, రెండో సందర్భంలో 520 రోజులు రావాలి. నిజ జీవితంలో వోల్టేజీ ఒక స్థాయి కంటే పడిపోగానే సెన్సర్ పని మానేస్తుంది కాబట్టి అందులో సగం కూడా రాకపోవచ్చు. మేము మొదట వేసిన బ్యాటరీలు 11 నెలలు వచ్చాయి. ఊరికే మోగడం మన చెవులనే కాక బ్యాటరీలను కూడా తినేస్తుందని ఈ లెక్క చూపిస్తుంది. రీఛార్జి బ్యాటరీలు వేసి చూశాను. ఒక్కోటి 1.5 కు బదులు 1.2 వోల్టులే ఇవ్వడం వల్ల, మూడు కలిసి 3.6 వోల్టులే అయి, మొదటి రోజు నుంచే బ్యాటరీ అయిపోయిందన్న ఎర్రదీపం మెరిసింది. బాగా చలి ఉండే చోట లిథియం ఏఏ బ్యాటరీలు వేయడం ఉత్తమం, గడ్డకట్టే చలిలో ఆల్కలైన్ బ్యాటరీల శక్తి బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఈ సెట్టులో సమాచారం ఒకే దిక్కుగా నడుస్తుంది. సెన్సర్ పంపుతుంది, రిసీవర్ వింటుంది. పంపింది అందిందో లేదో సెన్సర్‌కు తెలియదు. సెన్సర్ బతికుందో లేదో రిసీవర్‌కు తెలియదు. బ్యాటరీ అయిపోతే ఎర్రదీపం వెలుగుతుంది నిజమే, అది 145 మీటర్ల అవతల, గుంజ మీద, ఎవరూ చూడని చోట వెలుగుతుంది. ఆరో నెలలో మొదటి సెన్సర్ తొమ్మిది రోజుల పాటు పనిచేయలేదు. బ్యాటరీ స్ప్రింగు తుప్పు పట్టి కనెక్షన్ తెగిపోయింది. ఆ తొమ్మిది రోజులూ మేము బాటలోకి ఎవరూ రాలేదనుకుని నిశ్చింతగా ఉన్నాం. రెండో స్వరం మాత్రమే వినిపించి మొదటిది వినిపించకపోవడం గమనించాకే అనుమానం వచ్చింది. ఒకే సెన్సర్ ఉండి ఉంటే ఇంకెన్ని రోజులు అలాగే ఉండేవాళ్లమో.

దీనికి పరిష్కారం సాంకేతికంగా కష్టమైనదేమీ కాదు. దొంగల అలారం వ్యవస్థల్లో సెన్సర్ కొన్ని గంటలకొకసారి తాను ఉన్నానని ఒక చిన్న సంకేతం పంపుతుంది, అది రాకపోతే రిసీవర్ హెచ్చరిస్తుంది. రోజుకు నాలుగు సార్లు అలా పంపినా, పై లెక్క ప్రకారం బ్యాటరీకి అయ్యే ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. ఈ మాటే అమ్మిన సంస్థ సహాయ కేంద్రానికి రాశాను. మర్యాదగా, వెంటనే జవాబిచ్చారు, బ్యాటరీలు మార్చి చూడమన్నారు. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. తుప్పు పట్టిన స్ప్రింగుకు బదులు కొత్త మూత మాత్రం అడగకుండానే ఉచితంగా పంపారు, అది వారి మంచితనమే. కొనబోయేవారు ఖరీదైన రకాల్లో ఈ సదుపాయం ఉందో లేదో తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. ఉంటే, సంకేతం వెళ్లే దూరం కొంచెం తక్కువైనా సరే, దానినే ఎంచుకోవాలని నేనంటాను.

రిసీవర్‌కు కరెంటు పోయినప్పుడు పనికొచ్చే బ్యాటరీ అర కూడా ఉండాలి. మాదానికి ఉంది, కానీ బ్యాటరీలు మనమే వేసుకోవాలి. అన్నట్టు, సంకేతంలో ప్రతిసారీ ఒకే అంకె వెళ్లే చౌక రకం సెట్లలో, ఆ సంకేతాన్ని పట్టి తిరిగి పంపి గంట మోగించడం తెలిసినవారికి కష్టం కాదు. కనుక దీన్ని భద్రతా వ్యవస్థగా కాకుండా, ఎవరో వస్తున్నారని చెప్పే కబురుగా మాత్రమే చూడాలి. రిసీవర్ వెనక ఉన్న రిలే కొసలకు, అంటే గంటతో పాటు పనిచేసే స్విచ్చు కొసలకు, వాకిట్లో దీపాన్ని కలిపితే రాత్రిపూట గంటతో పాటు దీపం కూడా వెలుగుతుంది. మేము తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఆ పని చేయించాం, ఎందుకంటే ఆ కొసలు తక్కువ వోల్టేజీకే పనికొస్తాయి, మెయిన్ కరెంటును నేరుగా వాటికి కలపకూడదు.

కెమెరా పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. ఆ మలుపు దాకా వైఫై అందదు, కరెంటూ లేదు. పైగా కదలిక కనబడగానే కబురు పంపే ఏర్పాటు లేని కెమెరా మనం చూసినప్పుడే చూపిస్తుంది, గంట మనం ఏ పనిలో ఉన్నా పిలుస్తుంది. రెండూ పెట్టుకోగలిగినవారు పెట్టుకోవచ్చు. ఒకటే అంటే ఇలాంటి బాటకు నేను గంటనే ఎంచుకుంటాను.

తొమ్మిది రోజుల సంఘటన తర్వాత ప్రతి ఆదివారం ఉదయం నేను బాట చివరిదాకా నడిచి, మూడు సెన్సర్లనూ ఒక్కొక్కటిగా మోగించి వస్తున్నాను. అయస్కాంత సెన్సర్ ముందు ఇనుప పార ఒకటి ఊపితే చాలు. ఇంట్లో ఉన్నవారు రిసీవర్ పక్కన అంటించిన కాగితం మీద తేదీ వేసి టిక్కు పెడతారు. కిందటి ఆదివారం షెడ్డు దగ్గరి సెన్సర్ మోగలేదు. దగ్గరకు వెళ్లి చూస్తే కందిరీగ లాంటి పురుగొకటి కటకం నిండా మట్టితో గూడు కట్టుకుని ఉంది. ఎప్పుడు కట్టిందో తెలియదు గానీ, కాగితం మీద అంతకు ముందు వారం టిక్కు ఉంది. గూడు తీసేసి, తడి గుడ్డతో కటకం తుడిచి, బాటకు అడ్డంగా నాలుగు అడుగులు వేశాను. మోగిందని ఫోన్‌లో చెప్పారు.